పెడల్ మీద పట్టూ విడుపూ

కొండబాటల్లో సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న: పాదం పెడల్ మీద ఆని ఉంటే చాలా, దానికి బిగిసి ఉండాలా? ప్రపంచ ఛాంపియన్లు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. ఫ్లాట్, క్లిప్‌లెస్ పెడళ్లలో ఏది ఎవరికి, ఎప్పుడు, ఎందుకు? అదే ఈ వారం ముఖచిత్ర కథనం.

2017లో మౌంటెన్ బైకింగ్‌ను ఇద్దరు ఏలారు. క్రాస్‌కంట్రీలో స్విట్జర్లాండ్ రైడర్ నినో షుర్టర్‌కు ఆ ఏడాది ఎదురే లేదు. ప్రపంచకప్‌లోని ఆరు రౌండ్లూ గెలిచాడు. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా అతని ఖాతాలోనే పడింది. అంతకు ముందు ఏడాదే రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం అందుకున్నాడు. ఇక కొండవాలుల్లో రోజంతా సాగే ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌ను ఆస్ట్రేలియాకు చెందిన శామ్ హిల్ గెలిచాడు. ఆ ఒక్క ఏడాదితో ఆగలేదు, 2018లోనూ 2019లోనూ ఆ టైటిల్ అతనిదే.

ఇద్దరి కాళ్ల దగ్గరికి వస్తే కథ మారుతుంది. షుర్టర్ షూ పెడల్‌కు బిగిసి ఉండేది. హిల్ పాదం పెడల్ మీద ఆని ఉండేదంతే. బిగింపు లేదు, పట్టీ లేదు. షూ అడుగున మెత్తటి రబ్బరు, పెడల్ మీద ఉక్కు పిన్నులు, వాటి మీద రైడర్ బరువు. అతని పట్టంతా ఆ మూడింటి మీదే.

ఒకే క్రీడలో, ఒకే ఏడాదిలో శిఖరం మీద నిలబడ్డ ఇద్దరూ చెరో రకం పెడల్ ఎంచుకున్నారంటే ఒకటి మంచిదనీ ఇంకొకటి చెడ్డదనీ తీర్పు చెప్పేయడం కుదరదు. కానీ కొత్తగా మౌంటెన్ బైక్ కొన్నవాళ్ల చెవిన పడేది మాత్రం సరిగ్గా అలాంటి తీర్పే. హైదరాబాద్‌లో ఏ పెద్ద సైకిల్ షాపులోనైనా కాసేపు నిలబడితే ఈ సంభాషణ వినిపిస్తుంది.

“అన్నా, క్లిప్‌లెస్ వేసుకుంటే స్పీడ్ వస్తదా?”

“వస్తది తమ్మీ. కానీ ముందుగాల నువ్వు గుట్ట దిగేటప్పుడు నీ కాలు యాడుంటదో చెప్పు.”

ఆ మెకానిక్ అన్న అడిగినదే సరైన ప్రశ్న. పెడల్ రకం గురించి తేల్చుకునే ముందు, సైకిల్ మీద మన పాదం ఏం చేస్తోందో తెలుసుకోవాలి. ఈ కథనమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

పలక ఒకటి, గడియ ఒకటి

మంచి ఫ్లాట్ పెడల్‌ను చేతిలోకి తీసుకుంటే అది అరచేయంత పలక. పొడవూ వెడల్పూ 10, 11 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. అల్యూమినియంతో గానీ నైలాన్‌తో గానీ చేస్తారు. మధ్యభాగం కాస్త లోతుగా ఉండి, పాదం అందులో కుదురుకుంటుంది. అంచుల వెంట ఒక్కో వైపు ఎనిమిదో పదో చిన్న పిన్నులు పొడుచుకొచ్చి ఉంటాయి. షూ అడుగున రబ్బరు మెత్తగా ఉంటే ఈ పిన్నులు అందులోకి దిగబడతాయి. బరువు పడేకొద్దీ పట్టు బిగుస్తుంది. పాదం పైకెత్తగానే వదిలేస్తుంది. ఇందులో కదిలే యంత్రం ఏదీ లేదు.

క్లిప్‌లెస్ పెడల్ దీనికన్నా చిన్నది, కానీ లోపల పని ఎక్కువ. ఒకప్పుడు రేసు సైకిళ్ల పెడళ్లకు ముందువైపు టో క్లిప్ అనే తొడుగు, దానికో తోలుపట్టీ ఉండేవి. ఆ తొడుగు అక్కర్లేని పెడల్ కాబట్టి దీనికా పేరు వచ్చింది. షూ సోల్‌లో ఒక గాడి, ఆ గాడిలో రెండు బోల్టులతో బిగించిన చిన్న ఉక్కుబిళ్ల ఉంటాయి. ఆ బిళ్లే క్లీట్. దాని ముందు కొసను పెడల్ ముందు కొక్కెం కిందికి జొనిపి పాదాన్ని నొక్కితే వెనక ఉన్న స్ప్రింగ్ దవడ తెరుచుకుని, టక్కున మూసుకుంటుంది. ఇక పాదాన్ని పైకి లాగినా వెనక్కి లాగినా రాదు. ఊడి రావాలంటే మడమను బయటికి తిప్పాలి. కాలి కింద బీడీముక్కను నలిపేటప్పుడు మడమ తిరిగినట్టు పక్కకు తిరిగితే చాలు, దవడ వదిలేస్తుంది.

అంటే రెండింటికీ అసలు తేడా పట్టులో కన్నా విడుపులో ఉంది. ఫ్లాట్ మీద పాదం ఎటైనా రావచ్చు, రాకూడని సమయంలో కూడా వచ్చేయవచ్చు. క్లిప్‌లెస్‌లో ఒకే దారిన వస్తుంది, ఆ దారి కాలికి అలవాటై ఉండాలి.

వదలడం కోసం పుట్టిన బిగింపు

మౌంటెన్ బైకింగ్ పుట్టింది ఫ్లాట్ పెడళ్ల మీదే. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు లావుటైర్ల పాత సైకిళ్లను కొండమీదికి తీసుకెళ్లి మట్టిబాటల్లో కిందికి దూకించేవారు. 1976లో రీప్యాక్ అనే పందెం మొదలైంది. వెనక్కి తొక్కితే పడే హబ్ బ్రేకులు కిందికొచ్చేసరికి కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి దిగుడు తర్వాతా హబ్‌లో మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టి ఆ బాటకు ఆ పేరు వచ్చింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ వంటివాళ్ల పేర్లు ఈ క్రీడ చరిత్రలో నిలిచింది ఆ కాలం నుంచే. మలుపులో కాలు తీసి నేలకు ఆనించి, సైకిల్‌ను జారనిచ్చి మళ్లీ ఎక్కించడం వాళ్ల పద్ధతి. పాదం కట్టేసి ఉంటే అది సాధ్యపడేది కాదు.

రోడ్డు రేసుల వాళ్లకు మాత్రం పాదం కదలకుండా ఉండటమే కావాలి. వాళ్లు దశాబ్దాల పాటు తోలుపట్టీలు బిగించుకునే తొక్కారు. పడబోతున్నప్పుడు చెయ్యి కిందికి చాపి పట్టీ వదులు చేసుకోవాలి, అంత వ్యవధి దొరకదు. 1970ల మొదట్లో ఇటలీకి చెందిన చినెల్లీ కంపెనీ పట్టీలేని పెడల్ ఒకటి తెచ్చింది. దాని నుంచి పాదం విడిపించుకోవాలన్నా వంగి చేత్తో మీట కదపాల్సిందే. రైడర్లు దాన్ని భయపడుతూనే వాడారు.

దారి చూపింది సైకిళ్లతో సంబంధం లేని కంపెనీ. ఫ్రాన్స్‌లోని లుక్ సంస్థ అప్పటికే మంచుమీద జారే స్కీలకు బిగింపులు చేస్తోంది. స్కీ బిగింపుకు ఉండాల్సిన ముఖ్య లక్షణం, మనిషి పడినప్పుడు షూను వదిలేయడం. వదలకపోతే కాలు మెలితిరిగి ఎముక విరుగుతుంది. ఆ ఆలోచననే పెడల్‌కు తెచ్చి లుక్ 1984లో తన పెడల్‌ను మార్కెట్లోకి వదిలింది. 1985లో రోడ్డు రేసర్ బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే తోలుపట్టీలు రేసుల్లోంచి కనుమరుగయ్యాయి.

రోడ్డు క్లీట్ పెద్దది, షూ కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. దానితో కొండబాటలో నాలుగడుగులు కూడా నడవలేం. ఆ ఇబ్బందిని జపాన్ కంపెనీ షిమానో 1990లో తీర్చింది. చిన్న క్లీట్‌ను సోల్ గాడిలో లోపలికి దాచి, పెడల్‌కు రెండు వైపులా గడియ పెట్టి ఎస్‌పీడీ పద్ధతిని తెచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ అడుగుపెట్టేనాటికి క్రాస్‌కంట్రీ రైడర్ల కాళ్లకు క్లిప్‌లెస్ మామూలైపోయింది. షిమానో తర్వాత టైమ్, క్రాంక్‌బ్రదర్స్ వంటి కంపెనీలు బురదలో పూడుకుపోని రకాలు తెచ్చాయి. క్రాంక్‌బ్రదర్స్ ఎగ్‌బీటర్‌కైతే నాలుగు వైపులా ఎక్కడైనా క్లీట్ పట్టుకుంటుంది.

ఈ చరిత్రలో గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. క్లిప్‌లెస్‌ను నమ్మదగ్గదిగా చేసింది దాని పట్టు కాదు, విడుపు. పాదం బిగించడం తోలుపట్టీకీ తెలుసు. అవసరమైనప్పుడు వదలడం తెలిసింది కాబట్టే ఇది నిలబడింది.

పైకి లాగితే బలం పెరుగుతుందా?

క్లిప్‌లెస్ గురించి ఎక్కువగా చెప్పేమాట: “నొక్కడమే కాదు, పైకి కూడా లాగొచ్చు, అంటే బలం రెట్టింపు.” వినడానికి బాగుంటుంది. పరిశోధనలు అలా చెప్పడం లేదు.

2007లో థామస్ కోర్ఫ్ అనే పరిశోధకుడి బృందం అనుభవమున్న సైక్లిస్టులను నాలుగు తీరుల్లో తొక్కమంది. తమ అలవాటు ప్రకారం ఒకసారి, గుండ్రంగా ఒకసారి, పైకి లాగుతూ ఒకసారి, నొక్కుడు మీదే దృష్టిపెట్టి మరోసారి. పైకి లాగినప్పుడు పెడల్ మీద బలం పంపిణీ మెరుగ్గా కనిపించింది గానీ, అదే పనికి శరీరం ఖర్చుపెట్టిన శక్తి పెరిగింది. మరుసటి ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, నిలకడగా తొక్కుతున్నంత సేపూ పెడల్ రకం వల్ల శక్తి వ్యయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తొడ కండరాలు కాలిని కిందికి నెట్టడంలో బలమైనవి. పైకి లాగే కండరాలు చిన్నవి, త్వరగా అలసిపోతాయి. పనిలో సింహభాగం నొక్కుడుదే.

అలాగని క్లిప్‌లెస్ వల్ల ప్రయోజనమే లేదనడం తప్పు. పూర్తి బలంతో కొద్ది సెకన్ల పాటు తొక్కే స్ప్రింట్‌లో పరిస్థితి వేరు. షూ పెడల్‌కు బిగిసి ఉన్నప్పుడు గరిష్ఠ శక్తి ఎక్కువగా వస్తుందని 2020లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. రేసు మొదట్లో ముందుకు దూకాలన్నా, చివర్లో సెకను తేడాతో గెలవాలన్నా అది ముఖ్యం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో షుర్టర్ స్వర్ణం పోగొట్టుకుంది ఒక్క సెకను తేడాతోనే. అక్కడిదాకా వెళ్లిన మనిషి ఒక్క గ్రాము బలాన్నీ వదులుకోడు.

మరో ప్రయోజనం బలంతో సంబంధం లేనిది. రాళ్ల మీద సైకిల్ గడగడలాడుతున్నప్పుడు బిగిసిన పాదం చోటు తప్పదు. కుదుపుల్లో కూడా తొక్కుతూనే ఉండొచ్చు. పాదం ఎక్కడుందోనన్న ధ్యాస ఒకటి తగ్గుతుంది. నాలుగైదు గంటలు తొక్కేవాళ్లకు, రోజుల తరబడి సాగే హిమాలయ రేసులకు వెళ్లేవాళ్లకు ఆ నిశ్చింత చాలా విలువైనది.

కాబట్టి వారాంతంలో మిత్రులతో గుట్టలెక్కేవాళ్లు వేగం కోసమని తొందరపడి క్లిప్‌లెస్‌కు మారనక్కర్లేదు. ఎండ్యూరో రేసుల్లో లెక్కలోకి వచ్చేది దిగుడు సమయమే అయినా, ఒక దిగుడు నుంచి మరో దిగుడుకు కొండ ఎక్కాల్సింది రైడర్లే, అదీ గడువులోగా. హిల్ ఆ కొండలన్నీ ఫ్లాట్ పెడళ్లతోనే ఎక్కాడు.

మడమ చెప్పే పాఠం

ఫ్లాట్ పెడల్ మీద నిలబడి రాళ్లబాట దిగుతున్న రైడర్ పాదాన్ని దగ్గరగా గమనించండి. రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉంటాయి. పిరుదులు సీటుకు తగలవు. మోకాళ్లు కొద్దిగా వంగి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, మడమలు పెడల్ కన్నా కిందికి దిగి ఉంటాయి. ముందు చక్రం రాయికి తగిలి సైకిల్ ఒక్కసారిగా ఆగబోయినప్పుడు శరీరం ముందుకు తూలుతుంది. మడమ కిందికి ఉంటే ఆ తూలుడు పాదాన్ని పెడల్‌లోకి ఇంకా గట్టిగా నొక్కుతుంది. మడమ పైకి లేచి ఉంటే అదే తూలుడు పాదాన్ని పెడల్ మీంచి తోసేస్తుంది.

అంటే ఫ్లాట్ మీద పట్టు కొనుక్కుంటే రాదు. శరీరం సరైన భంగిమలో ఉంటేనే వస్తుంది. భంగిమ తప్పితే పెడల్ ఆ క్షణంలోనే చెప్పేస్తుంది. క్లిప్‌లెస్ అలా చెప్పదు. మడమ లేచినా, బరువు ముందుకు పోయినా, పాదం పెడల్ మీదే ఉండిపోతుంది. తప్పు కనపడకుండా దాగుతుంది, వాలు మరీ ఏటవాలైన రోజున ఒక్కసారిగా బయటపడుతుంది.

సైకిల్‌ను దుంగ మీంచి ఎగిరించే బన్నీహాప్ దీనికి మంచి ఉదాహరణ. క్లిప్‌లెస్ వేసుకున్న కొత్తవాళ్లు రెండు కాళ్లతో పెడళ్లను పైకి లాగేస్తారు. చక్రాలు ఓ జానెడు లేస్తాయి. కొంచెం ఎత్తు దుంగ ఎదురైతే ఆ లాగుడు చాలదు. ఫ్లాట్ మీద లాగడానికి ఏమీ లేదు. ముందు శరీరాన్ని కిందికి కుంచించి, వెనక్కి వాలుతూ హ్యాండిల్‌ను తొడల వైపు తెచ్చుకుని ముందు చక్రం లేపాలి. అప్పుడు పైకి లేస్తూ మునివేళ్లను కిందికి వంచి, పెడళ్లను వెనక్కి, పైకి నెట్టినట్టు కదిపితే వెనక చక్రం లేస్తుంది. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. కానీ వచ్చాక మోకాలెత్తు దుంగలు కూడా దాటొచ్చు. ఆ తర్వాత ఏ పెడల్ వేసుకున్నా ఆ విద్య పోదు.

శామ్ హిల్‌ను ఈ క్రీడలో అంత ఎత్తున నిలబెట్టింది కూడా ఇదే. 2007లో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీ డౌన్‌హిల్ ప్రపంచకప్ రోజున చివర్లో దిగాల్సిన మేటి రైడర్ల వంతు వచ్చేసరికి వాన ముంచెత్తింది. నిటారు బాట బురదమయం. ముందే పొడినేల మీద దిగేసినవాళ్ల సమయాలను అందుకోవడం అసాధ్యమనుకున్నారంతా. హిల్ ఆ బురదలో దిగి మూడో స్థానం సాధించాడు. గెలవని పరుగును తరాలు చెప్పుకోవడం క్రీడల్లో అరుదు. డౌన్‌హిల్ అభిమానులు ఇప్పటికీ దీన్ని చెప్పుకుంటారు. నిజానికి డౌన్‌హిల్‌లోనూ నేడు ఎక్కువమంది మేటి రైడర్లు క్లిప్‌లెస్సే వాడతారు. గాల్లో పల్టీలు కొట్టే స్లోప్‌స్టైల్‌లో మాత్రం ఫ్లాట్‌దే రాజ్యం, ఎందుకంటే అక్కడ సైకిల్‌ను గాల్లోనే విడిచి దూకేయాల్సి రావచ్చు.

మన రాయి, మన రేగడి

పెడల్ గురించిన సలహాలు ఎక్కువగా యూరప్, అమెరికా అడవిబాటలను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. మన నేల వేరు.

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలు గ్రానైట్. నున్నటి పరుపురాళ్లు, వాటి మీద గుండ్లు. సైకిల్ మీద ఎక్కలేని చోట దిగి భుజాన వేసుకుని నడవాలి. ఉక్కు క్లీట్ ఉన్న గట్టి సోల్ షూతో నున్నటి గ్రానైట్ మీద నడిస్తే చర్రున జారుతుంది. సోల్ అరిగి క్లీట్ బయటికి వచ్చిన పాత షూలైతే మరీ ప్రమాదం. మెత్తటి రబ్బరు సోల్ అదే రాయిని పట్టుకుంటుంది. ఫ్లాట్ పెడళ్ల షూలకు పేరుపడ్డ ఫైవ్‌టెన్ కంపెనీ అసలు 1985లో కాలిఫోర్నియాలో మొదలైంది రాళ్లెక్కేవాళ్ల షూల కోసమే.

వికారాబాద్ వైపు అనంతగిరి కొండల్లో ఎర్రటి జేగురు రాతి నేల. వేసవిలో గులకలు పొడిపొడిగా చక్రాల కింద దొర్లుతాయి. మలుపులో చక్రం జారినప్పుడు కాలు చటుక్కున బయటికి రావాల్సిన బాటలివి. కొండ దిగి చేలగట్ల మీదికి వస్తే నల్లరేగడి. వాన పడ్డాక రేగడి సంగతి రైతుకు చెప్పక్కర్లేదు, కాలికి కిలో మట్టి అంటుకుంటుంది. అది క్లీట్ చుట్టూ గాడిలో కూరుకుంటే ఎంత నొక్కినా గడియ పడదు. పుల్లతో గీకి మట్టి తీసి ఎక్కడం, మళ్లీ దిగడం, మళ్లీ గీకడం. వానాకాలంలో క్లిప్‌లెస్ వాడే మిత్రులు కూడా ఫ్లాట్ బిగించుకోవడం తెలివైన పని.

మరో సంగతి. మన దగ్గర మౌంటెన్ బైక్ కొన్నవాళ్లలో చాలామంది వారంలో ఐదురోజులు దాని మీదే ఆఫీసుకో కాలేజీకో వెళ్తారు. మధ్యలో పాలప్యాకెట్ కోసం ఆగుతారు. గేదెలు అడ్డొస్తాయి, ఆటో ముందు ఆగిపోతుంది. క్షణక్షణం కాలు కింద పెట్టాల్సిన రోడ్లలో ఫ్లాట్ పెడల్ ఇచ్చే స్వేచ్ఛ చిన్నదేమీ కాదు.

పడటంలోనూ రెండు రకాలు

రెండు పెడళ్లూ గాయపరుస్తాయి, కాకపోతే వేర్వేరు చోట్ల.

ఫ్లాట్ మీద పాదం జారితే పెడల్ గిర్రున తిరిగి పిన్నులు మోకాలి కింద ముందెముకకు తగులుతాయి. అక్కడ కండ ఉండదు, చర్మం కిందే ఎముక. కుట్లు పడే దెబ్బలు తగిలినవాళ్లున్నారు. మోకాలి నుంచి చీలమండ దాకా ఉండే ప్యాడ్లు వేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

క్లిప్‌లెస్‌తో కొత్తవాళ్లు పడేది వేగంలో కాదు, ఆగినప్పుడు. సిగ్నల్ దగ్గర ఆగుతారు, కాలు పైకి లాగుతారు, అది రాదు. మడమ తిప్పాలన్న సంగతి గుర్తొచ్చేలోపు నిలువునా పక్కకు ఒరిగిపోతారు. మోచెయ్యి, తుంటి నేలకు కొట్టుకుంటాయి. చెయ్యి చాపితే మణికట్టు విరగొచ్చు. కంగారులో కాలు చిన్నప్పటి అలవాటే చేస్తుంది. ఆ అలవాటు మారాలంటే సాధనే మార్గం.

ఆ సాధన రోడ్డు మీద వద్దు. గోడ పట్టుకుని నిలబడి, ఒక్కో కాలూ బిగించడం, తీయడం ఆలోచన అక్కర్లేనంతగా చేయాలి. తర్వాత గడ్డి ఉన్న మైదానంలో మెల్లగా తిరుగుతూ చేయాలి. ఆగబోయే చోటికి చాలా ముందే ఒక పాదం విడిపించుకోవడం అలవాటు చేసుకోవాలి. స్ప్రింగ్ బిగువు తగ్గించే చిన్న స్క్రూ చాలా పెడళ్ల మీద ఉంటుంది. మొదట్లో దాన్ని అన్నిటికన్నా వదులుగా ఉంచాలి. షిమానోలో ఎస్‌హెచ్ 56 రకం క్లీట్ ఒకటుంది. మామూలు ఎస్‌హెచ్ 51 క్లీట్ పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఇది ఇంకొన్ని దిశల్లో లాగినా వదులుతుంది. కొత్తవాళ్లకు ఇది మేలు.

అనుభవమున్నవాళ్లు కూడా మరిచిపోయే ప్రమాదం ఒకటుంది. క్లీట్‌ను పట్టి ఉంచేవి రెండే బోల్టులు. వాటిలో ఒకటి వదులై ఊడిపోతే క్లీట్ మిగిలిన బోల్టు చుట్టూ తిరుగుతుంది. అప్పుడు మడమ ఎంత తిప్పినా షూ తిరుగుతుందే తప్ప క్లీట్ గడియలోంచి రాదు. అలా ఇరుక్కుంటే షూ లేసులు విప్పి పాదాన్నే బయటికి తీయాలి. వారానికోసారి అలెన్ కీతో ఆ బోల్టులు చూసుకుంటే చాలు, ఆ అవస్థ రాదు. అరిగిన క్లీట్ కూడా నమ్మదగ్గది కాదు. ఒకరోజు వదలదు, ఇంకోరోజు అక్కర్లేనప్పుడు వదిలేస్తుంది.

మోకాలి మాట వినండి

క్లిప్‌లెస్‌కు మారాక మోకాలి నొప్పి మొదలైందంటే మొదట అనుమానించాల్సింది క్లీట్ కోణాన్ని. నడిచేటప్పుడు మన పాదాలు నిటారుగా ముందుకు ఉండవు. కొందరివి బయటికి, కొందరివి లోపలికి తిరిగి ఉంటాయి. క్లీట్ ఆ సహజ కోణానికి అడ్డుపడేలా బిగిస్తే, గంటకు కొన్ని వేలసార్లు తిరిగే కాలు ప్రతిసారీ మోకాలిని మెలిపెడుతుంది. ఎత్తైన బల్ల అంచున కూర్చుని కాళ్లు వేలాడదీసి చూడండి. పాదాలు ఎటు తిరిగి ఉంటే క్లీట్ కూడా షూను అటే తిరగనివ్వాలి. గడియలో ఉండగానే మడమ కొన్ని డిగ్రీలు అటూ ఇటూ కదిలే వీలు చాలా పెడళ్లలో ఉంటుంది. మొదట్లో ఆ వీలు ఎక్కువున్నవే మంచివి.

ముందువెనకల సంగతికొస్తే, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటి కింద పెడల్ ఇరుసు రావాలన్నది పాతమాట. దిగుడు బాటల రైడర్లు చాలామంది క్లీట్‌ను ఇంకాస్త వెనక్కి, అరికాలి మధ్యవైపు జరుపుతారు. పిక్కల మీద భారం తగ్గుతుంది, నిలబడటంలో నిలకడ వస్తుంది. ఫ్లాట్ మీద ఈ బాధలేవీ ఉండవు. పాదం తనకు హాయిగా ఉన్న చోటు తానే వెతుక్కుంటుంది. మోకాలి నొప్పులున్నవాళ్లు, ఎదిగే వయసు పిల్లలు ఫ్లాట్ మీదే ఉండటం మేలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

కొనబోయే ముందు

• సైకిల్‌తో పాటు వచ్చే నున్నటి ప్లాస్టిక్ పెడళ్లను చూసి ఫ్లాట్ పెడల్ అంటే అదే అనుకోవద్దు. తడిస్తే అవి జారతాయి. ముందు వాటిని మార్చండి. పిన్నులున్న నైలాన్ పెడళ్లు ఖర్చులో అందుబాటు, రాళ్లకు తగిలినా పెద్దగా పాడవవు.

• పెడల్ మర సైజు చూడండి. మూడు ముక్కల క్రాంకు ఉన్న సైకిళ్లకు 9/16 అంగుళం, ఒకే కడ్డీ క్రాంకు ఉన్నవాటికి అర అంగుళం. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమదానికి రివర్స్ థ్రెడ్. రెండూ సైకిల్ ముందువైపుకు తిప్పితేనే బిగుస్తాయి. బిగించే ముందు మరకు గ్రీజు రాయండి.

• ఫ్లాట్‌కు కావాల్సింది చదునైన, మెత్తటి రబ్బరు సోల్. ఎత్తు మడమ, మందపు నురుగు ఉన్న రన్నింగ్ షూ కన్నా స్కూల్లో పీటీ పీరియడ్‌కు వేసుకునే కాన్వాస్ షూ నయం. పాదం జారుతోందంటే పెడల్‌ను తప్పుపట్టే ముందు షూ అడుగు చూడండి.

• క్లిప్‌లెస్ అంటే పెడల్ ధర ఒక్కటే కాదు, దానికి సరిపడే షూ ఖర్చూ కలుపుకోవాలి. రెండు బోల్టుల క్లీట్ పట్టే షూ అడగండి. మూడు బోల్టులది రోడ్డు సైకిళ్లది.

• ఒకవైపు ఫ్లాట్, ఇంకోవైపు గడియ ఉన్న పెడళ్లూ దొరుకుతాయి, షిమానో ఈహెచ్ 500 లాంటివి. వారమంతా ఆఫీసు, ఆదివారం దూరప్రయాణం అనేవాళ్లకు ఇవి సరిపోతాయి. ఎగుడుదిగుడు కొండబాటలకు మాత్రం తగవు. కావాల్సిన వైపు కోసం వెతుక్కునే సమయం అక్కడ ఉండదు.

ఎవరికి ఏది?

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, పిల్లలకు, గెంతులు, విన్యాసాలు నేర్చుకుంటున్నవాళ్లకు, తరచూ దిగి నడవాల్సిన బాటల్లో తిరిగేవాళ్లకు ఫ్లాట్. క్రాస్‌కంట్రీ రేసుల్లో పోటీపడేవాళ్లకు, గంటల తరబడి ఎత్తులెక్కేవాళ్లకు, కుదుపుల్లోనూ తొక్కడం ఆపకూడదనుకునేవాళ్లకు క్లిప్‌లెస్. ఎండ్యూరో, ట్రెయిల్ రైడింగ్ చేసేవాళ్లకు రెండూ సరిపోతాయి. అక్కడ నిర్ణయించాల్సింది మనసు నిబ్బరం. దిగుతున్నప్పుడు “కాలు వస్తుందా, రాదా” అన్న భయం ఉంటే ఫ్లాట్. “కాలు ఎగిరిపోతుందేమో” అన్న భయం ఉంటే క్లిప్‌లెస్. భయపడుతున్న రైడర్ బిగుసుకుపోతాడు, బిగుసుకుపోయినవాడు పడతాడు. ఏ పెడల్ ఆ భయాన్ని తగ్గిస్తే అదే మీ పెడల్. అది ఏడాదికోసారి మారినా తప్పులేదు. పెడల్‌కు సరిపడే స్పానర్ గానీ అలెన్ కీ గానీ ఇంట్లో ఉంటే పెడళ్లు మార్చడం పెద్ద పనేమీ కాదు.

చివరిగా సైకిల్ షాపులవాళ్లకు, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని గుట్టలకు తీసుకెళ్లే అన్నలకు, అక్కలకు ఒక మనవి. ఈమధ్య మన ఊళ్లలో మౌంటెన్ బైకు ఎక్కుతున్నవాళ్లలో అమ్మాయిలున్నారు, నలభై దాటాక మొదటిసారి మట్టిబాట చూస్తున్నవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరు మొదటి నెలలో క్లీట్ ఇరుక్కుని పడి చెయ్యి విరగ్గొట్టుకున్నా ఈ క్రీడకు దూరమైపోవచ్చు. వేగం పేరు చెప్పి మొదటిరోజే వాళ్లకు క్లిప్‌లెస్ అంటగట్టకండి. ఫ్లాట్ పెడళ్లతో వచ్చినవాళ్లను ఇంకా రైడర్ కానట్టు చూడకండి. ఒక వేసవి, ఒక వానాకాలం ఫ్లాట్ మీద తొక్కనివ్వండి. మడమ దించడం, బరువు మార్చడం, పడబోతే సైకిల్‌ను వదిలేయడం వాళ్ల శరీరానికి పట్టుబడనివ్వండి. అప్పుడు వాళ్లే వచ్చి క్లిప్‌లెస్ కావాలని అడిగితే, మంచి షూ చూపించి, స్ప్రింగ్ వదులు చేసి, గడ్డి మైదానానికి తీసుకెళ్లి దగ్గరుండి నేర్పండి. అడగకపోతే, మూడేళ్లు వరుసగా ఎండ్యూరో టైటిల్ గెలిచిన శామ్ హిల్ కూడా అడగలేదని గుర్తుచేసుకోండి.